కొండన్న మీసం, వరదమ్మ చుక్కాని

అనగనగా ఒక ఏరు. కథన్నాక ముందు రాజు రావాలి గానీ, ఈ కథలో రాజు ఏరు దాటాలంటే మన రేవుకే రావాలి. కాబట్టి తొందరేమీ లేదు, ఆయన తర్వాత వస్తాడు.

ఆ ఏటి పేరు సుళ్ళేరు. ఒడ్డున నిలబడి చూస్తే పాలు తాగి పడుకున్న పిల్లిలా మెత్తగా ఉంటుంది. దిగితే తెలుస్తాయి దాని గోళ్ళు. ఒకచోట నీటి కింద నల్లరాయి. ఒకచోట ఇసుకమేట. ఒకచోట నోరు తెరుచుకుని కూర్చున్న సుడిగుండం.

ఆ ఏటి ఒడ్డున రేవుపాలెం. రేవుపాలెంలో ఒకే ఒక్క పడవ. ఆ పడవ పైడయ్యది.

పైడయ్యకు సుళ్ళేరంతా అరచేతిలో గీతల్లా తెలుసు. అయితే వయసు పైబడేకొద్దీ ఆయనకు మరుపు మొదలైంది. చెప్పులు చేత్తో పట్టుకుని, చెప్పుల కోసం ఇల్లంతా వెతికేవాడు. పొద్దున తిన్నది చద్దన్నమో జావో మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. మరుపు దొంగలాంటిది, ఎప్పుడు ఏ గదిలోకి దూరుతుందో తెలియదని ఆయన భయపడ్డాడు. అందుకే దొంగ పూర్తిగా లోపలికి రాకముందే, తనకు తెలిసిన ఏటినంతా ఒక పాటగా కట్టి, తన ఒక్కగానొక్క కూతురికి నేర్పాడు. వరద వచ్చిన రోజున పుట్టింది కనుక ఆ పిల్ల పేరు వరదమ్మ.

పాట ఇదీ:

నల్లరాతికి ఎడమ పో, ఇసుక మెరిస్తే కుడికి పో,
తాళ్ళ నీడను తలకెత్తి తిన్నగ తిన్నగ సాగిపో,
నీళ్ళు మాటాడని చోట నిలవకు, నిలవకు, దాటిపో!

"నీళ్ళు గలగలమంటున్నాయంటే భయం లేదమ్మా," అనేవాడు పైడయ్య. "కింద రాయి ఉంది, చూసుకో అని అవే చెబుతున్నట్టు. మాట్లాడకుండా ఊరుకున్నాయే, అక్కడే ఉంటుంది సుడి."

చెప్పులు మరిచిపోయినా, చద్దన్నం మరిచిపోయినా, ఈ పాట మాత్రం ఆయన మరిచిపోలేదు.

వరదమ్మకు పెళ్ళీడు వచ్చింది. పిల్లను అత్తవారింటికి పంపితే పాట కూడా వెళ్ళిపోతుంది. పాట వెళ్ళిపోతే పడవకు దారి ఉండదు. అందుకని పైడయ్య ఇల్లరికపు అల్లుణ్ణి వెతికాడు. దొరికినవాడు కొండన్న. మెట్ట ఊరివాడు. అతని ఊళ్ళో నీళ్ళంటే బావిలో చేదకు అందేవే. మనిషి మాత్రం బంగారం. పనికి వెనుదీసేవాడు కాదు. పొగరుబోతు కోడెను కూడా మెడ నిమిరి మచ్చిక చేసేవాడు. సంతలో వరదమ్మ ఒక పెంకి ఎద్దుకు అడ్డుపడి నవ్వడం చూసి, ఇల్లరికమైనా సరే, ఈ పిల్లే కావాలన్నాడు.

పైడయ్యకు అల్లుడంటే ప్రాణం. పేరే గుర్తుండేది కాదు. ఒక పూట "సింగన్నా" అనేవాడు, ఒక పూట "బసవన్నా" అనేవాడు. కొండన్న అన్నింటికీ "ఆఁ, మామా" అని పలికేవాడు.

ఇప్పుడు రేవుపాలెం కట్టుబాటు చెప్పాలి. ఆ ఊళ్ళో పడవ మగవాడి చేతిలోనే ఉండాలి. ఆడది చుక్కాని ముట్టుకుంటే ఏటితల్లికి కోపం వస్తుందట. ఏటితల్లి కూడా ఆడదే కదా, ఆవిడకెందుకు కోపం అని ఎవరూ అడగలేదు. ఇంట్లో పడవ నడిపే మగవాడు లేకపోతే, రేవు హక్కు ఆ ఇంటి నుంచి పోతుంది.

ఒకరోజు సాంబయ్య అనే బెల్లం వర్తకుడు బస్తాలతో రేవుకు వచ్చాడు. పైడయ్య చుక్కాని వదిలేయడంతో, ఆ రోజు తప్పక పడవ వెనక చుక్కాని దగ్గర వరదమ్మ కూర్చుని ఉంది. సాంబయ్య పడవలో పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

"ఆడదాని చేతిలో పడవా! నా బెల్లం ఏటిపాలు చేద్దామనా? ఏమోయ్ అల్లుడూ, నువ్వు మగాడివి కాదా? అత్తారింటి కూడు తిని మీసం కూడా మొలవలేదా?"

రేవులో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. కొండన్న చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు లే వరదా, చుక్కాని నేను పడతాను."

"నువ్వు ఈ ఏరు చూసి రెండు నెలలైనా కాలేదయ్యా," అంది వరదమ్మ మెల్లగా.

"అయితే ఏం? నీళ్ళే కదా! ఎంత పొగరుబోతు కోడెలను లొంగదీశాను నేను!"

"కోడెకు ముకుతాడు ఉంటుంది. ఏటికి ఎక్కడ వేస్తావు?"

అయినా కొండన్న వినలేదు. చుక్కాని పట్టాడు. పడవ బాణంలా వెళ్ళింది. బాణంలాగే వెళ్ళి ఇసుకమేటలో గుచ్చుకుంది. ఒక పక్కకు ఒరిగింది. బస్తాల్లోకి నీళ్ళు వచ్చాయి. బెల్లం కరిగి ఏట్లో కలిసింది. ఆ పూట సుళ్ళేటి చేపలు పండగ చేసుకున్నాయి.

సాంబయ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి అరిచాడు. "ఇల్లరికపు అల్లుడికి అన్నం పెట్టొచ్చు గానీ, పడవ ఇవ్వకూడదురా నాయనా!"

ఊరి పెద్దలు కబురు చేశారు. పైడయ్యకా మతి లేదు, అల్లుడికా చేతకాదు. వచ్చే అమావాస్యలోగా ఆ ఇంటి మగవాడు పడవ నడపలేకపోతే రేవు హక్కు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు.

ఆ సాయంత్రం కొండన్న అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"నా వల్ల మీ నాన్న పడవ పోతుంది వరదా."

"పోదు," అంది వరదమ్మ. "ఊరు ఎప్పుడూ ముందు నిలబడ్డవాడినే చూస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళను ఎవరు చూస్తారు? నువ్వు ముందు గడ పట్టుకుని నిలబడు. నీకు బలం ఉంది, తోయి. నేను వెనక కూర్చుని చిప్పతో నీళ్ళు తోడిపోస్తున్నట్టు ఉంటాను. ఒడిలో గోనెపట్టా పరుచుకుంటాను. పట్టా కింద చుక్కాని నా చేతిలో ఉంటుంది. నాన్న పాట సన్నగా పాడుతూ ఉంటాను. ఎడమ అంటే ఎడమకు తోయి, కుడి అంటే కుడికి తోయి."

"మోసం కాదూ?"

"మన పడవ మనం నడుపుకోవడానికి ఇన్ని వేషాలు వేయించే కట్టుబాటుది మోసం," అంది వరదమ్మ. "తిను, చల్లారిపోతుంది."

మర్నాడే ఒక పెళ్ళివారి గుంపు వచ్చింది. కొండన్న ముందు నిలబడి "హోయ్" అని గడ వేశాడు. వెనక వరదమ్మ చిప్పతో నీళ్ళు తోడుతూ కూనిరాగం తీసింది. పడవ నల్లరాతికి ఎడమగా పోయింది. ఇసుక మెరిసినచోట కుడికి తిరిగింది. ఒడ్డున ఉన్న తాడిచెట్ల నీడను పట్టుకుని తిన్నగా సాగింది. పెళ్ళికూతురి జడలో పువ్వు కూడా కదల్లేదు.

పెళ్ళివారు నోళ్ళు తెరిచారు. "చుక్కాని లేకుండా ఒట్టి గడతోనే తిప్పేశాడే! మగాడంటే అలా ఉండాలి. ఆ అమ్మాయి అదృష్టవంతురాలు. నీళ్ళు తోడుకుంటూ కూర్చుంటే చాలు."

తిరుగు పడవ రేవు చేరేసరికి పైడయ్య ఒడ్డున కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్ళు మసకేసినా, పడవ నడక చూసి ఎవరి చెయ్యో చెప్పగలడు. చప్పట్లు కొట్టి పెద్దగా అన్నాడు. "అమ్మాయీ! చుక్కాని భలే తిప్పావే! నా చెయ్యే అనుకున్నా!"

జనం ఒక్కసారి ఆగారు. తర్వాత ఎవరో నవ్వారు. "పాపం ముసలాయన. ఎవరు ఏం చేస్తున్నారో కూడా తెలియడం లేదు. మతి పూర్తిగా పోయింది."

వరదమ్మ కొండన్న వైపు చూసింది. కొండన్న గడ వైపు చూశాడు.

ఆ రోజు నుంచి కొండన్న పేరు ఏటికి రెండు ఒడ్లా మోగింది. రేవు హక్కు మాట పెద్దలు మళ్ళీ ఎత్తలేదు. మనిషన్నాక పొగడ్త తీపి కదా. బెల్లం ఏట్లో కరిగినట్టు కొండన్న పొగడ్తలో కరిగిపోయాడు. మీసం పెంచాడు. పొద్దున్నే ఆముదం రాసి మెలి తిప్పేవాడు.

"నిమ్మకాయ నిలబెడతావా ఏమిటి?" అనేది వరదమ్మ నవ్వుతూ.

"నిలబెట్టినా నిలుస్తుంది!" అనేవాడు కొండన్న.

ఇద్దరూ నవ్వుకునేవారు. అయితే రోజులు గడిచేకొద్దీ వరదమ్మ నవ్వు కొంచెం కొంచెం తగ్గింది. ఎంత తగ్గిందో కొండన్నకు తెలియలేదు. మీసం అద్దంలో కనబడుతుంది గానీ, పక్కవాళ్ళ నవ్వు అద్దంలో కనబడదు.

ఇదిగో, ఇప్పుడు రాజు వచ్చాడు. ఆయన పేరు చంద్రధ్వజుడు. అవతలి ఒడ్డున ఉన్న కూతురి ఇంటికి వెళ్ళి తిరిగి వస్తున్నాడు. పడవ నడి ఏట్లో ఉండగా ఈదురుగాలి కొట్టింది. పడవ గిర్రున తిరగబోయింది. వరదమ్మ చిప్ప పక్కన పడేసి, గోనెపట్టా కింద రెండు చేతులా చుక్కాని బిగించి పట్టింది. పడవ నిలదొక్కుకుంది. రాజుగారి తలపాగా ఒకటే ఏట్లో పోయింది. తల భద్రంగా ఉంది.

ఒడ్డు చేరాక రాజు అందరి ముందూ కొండన్న భుజం తట్టాడు. "నువ్వు మామూలు మనిషివి కావు. ఏటిసింహానివి!" అని, వెండి కడియం తెప్పించి కొండన్న కాలికి తొడిగించాడు.

అప్పుడు గుంపులోంచి పైడయ్య లేచాడు. కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"మహారాజా, కడియం తప్పు కాలికి తొడిగారు. అది మా అమ్మాయిది. మా సింగన్న మంచివాడే గానీ, ఏరు అమ్మాయికే తెలుసు."

జనం కడుపు పట్టుకుని నవ్వారు. "అల్లుడి పేరే తెలియదు ఆయనకు! సింగన్నట!" సాంబయ్య ముందుకు వచ్చి, "క్షమించాలి ప్రభూ, పిచ్చి ముసలాడు," అన్నాడు. ఇద్దరు భటులు పైడయ్యను రెక్కలు పట్టుకుని పక్కకు తీసుకుపోయి, ఒక గుంజకు ఆనించి కూర్చోబెట్టారు. ఆయన తలగుడ్డ జారి మట్టిలో పడింది. వరదమ్మ పరుగెత్తుకెళ్ళి దాన్ని తీసి, దులిపి, తండ్రి తలకు చుట్టింది.

కొండన్న నోరు తెరిచాడు. రాజు నవ్వుతూ చూస్తున్నాడు. ఊరంతా చూస్తోంది. కొండన్న నోరు మూసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ ఇంటికి చేరారు. వరదమ్మ గొడవ పెట్టలేదు. కంచం పెట్టి, నెయ్యి కూడా వేసింది.

"కడియం బరువుగా ఉందా?" అని మాత్రం అడిగింది.

"కాలికి కాదు," అన్నాడు కొండన్న.

అరుగు మీద నుంచి పైడయ్య గొంతు వినబడింది. "అమ్మాయీ, ఒకసారి ఇలా రా."

వరదమ్మ వెళ్ళింది.

"నాకు మతి పోయిందట కదమ్మా. ఇంతమంది అన్నాక నిజమే అయి ఉంటుంది. కానీ నువ్వు చుక్కాని పట్టినట్టు నాకు బాగా గుర్తు. అదీ కలేనా? పోనీలే. నేను కట్టిన పాట కూడా తప్పేమో. ఏ రాయి ఎటుందో ఏమో, ఈ పిచ్చివాడి పాట నమ్మి పడవ నడపకు తల్లీ. మునిగిపోతారు."

వరదమ్మ తండ్రి చేతులు పట్టుకుంది. గుమ్మం వెనక నిలబడ్డ కొండన్న అంతా విన్నాడు. ఆ ముసలి మనిషి ఎన్నో పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క నిజాన్నీ ఈ రోజు తన మౌనమే లాక్కుంది. నీళ్ళు మాట్లాడనిచోటే సుడి ఉంటుందని ఆయనే కదా చెప్పాడు!

"రేపు రేవులో చెప్పేస్తాను," అనుకున్నాడు కొండన్న. తెల్లారింది. రేవుకు వెళ్ళాడు. సాంబయ్య ఎదురొచ్చి, "ఏటిసింహానికి దండాలు!" అన్నాడు. కొండన్న చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. "రేపు చెబుతాను," అనుకున్నాడు. అలా రేపు రేపంటూ ఎన్నో రోజులు గడిచిపోయాయి.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. సుళ్ళేరు ఒడ్లు దాటి పొంగింది. ఎర్రటి నీళ్ళు, చెట్లూ చేమలూ కొట్టుకుపోతున్నాయి. పిల్లి లేచి పులి అయింది.

ఒకరోజు ఉదయం రాజు స్వయంగా గుర్రం మీద రేవుకు వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన వెనక డోలీలో సూరమ్మ అనే ముసలి మంత్రసాని ఉంది. అవతలి ఒడ్డున రాజు కూతురికి నొప్పులు మొదలయ్యాయని పావురం కబురు తెచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. అలాంటి బిడ్డను క్షేమంగా తీయగలిగింది ఆ రాజ్యం మొత్తానికి సూరమ్మ ఒక్కతే.

"ఏటిసింహమా, నా బిడ్డ ప్రాణం నీ చేతిలో ఉంది. ఈమెను దాటించు!" అన్నాడు రాజు.

ఊరి పెద్దలు గొంతు సవరించుకున్నారు. "ప్రభూ, వరద రోజు. ఏటితల్లి కోపంగా ఉంది. పడవలో మంత్రసాని తప్ప వేరే ఆడమనిషి ఉండకూడదు. నీళ్ళు తోడే పిల్లను దింపెయ్యాలి. కొండన్న ఒక్కడు చాలడూ?"

అందరూ కొండన్న వైపు తిరిగారు.

సాంబయ్య అతని పక్కకు జరిగి చెవిలో గొణిగాడు. "భయంగా ఉందా? కడుపునొప్పి అని పడిపో. పరువు దక్కుతుంది, కడియమూ దక్కుతుంది."

కొండన్న ఏటి వైపు చూశాడు. తానొక్కడే వెళితే సూరమ్మ మునుగుతుంది, తానూ మునుగుతాడు. కడుపునొప్పి అంటే అవతల తల్లీబిడ్డా పోతారు. నిజం చెబితే పోయేది మీసం ఒక్కటే.

వంగి, కాలికున్న కడియం తీశాడు. నేరుగా వెళ్ళి, గుంజకు ఆనుకుని కూర్చున్న పైడయ్య ముందు మోకరిల్లి, ఆయన చేతిలో పెట్టాడు.

"మామా, నీకు మతి పోలేదు. నాకు పోయింది. నువ్వు చెప్పిందంతా నిజం. నీ పాటా నిజం."

తర్వాత లేచి అందరికీ వినబడేలా అన్నాడు. "మహారాజా, మొదటి రోజు నుంచీ చుక్కాని పట్టింది నా భార్య వరదమ్మ. నేను తోసేవాణ్ణే గానీ, దారి తెలిసినవాణ్ణి కాను. మా మామ నిజం చెబితే మీరంతా పిచ్చివాడన్నారు. తెలిసీ నేను నోరు మూసుకున్నాను. శిక్ష తర్వాత వేయండి. ముందు ఆమెను చుక్కాని పట్టనివ్వండి."

రేవంతా వరదమ్మ వైపు తిరిగింది.

రాజు ముఖం కోపంతో ఎర్రబడింది. "ఇంత మోసమా! ఆడదాని చాటున దాక్కుని నా చేత సింహం అనిపించుకున్నావా?"

"కట్టుబాటు ప్రభూ, కట్టుబాటు!" అన్నారు పెద్దలు. "ఆడది చుక్కాని పడితే..."

అప్పుడు డోలీలోంచి సూరమ్మ తల బయటికి పెట్టింది. ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళే ఆ పెద్దల్లో సగం మంది.

"ఒరే, నీ కట్టుబాటు తగలెయ్య! నువ్వు పుట్టేటప్పుడు కూడా అడ్డమే తిరిగావు, ఇప్పుడూ అడ్డమే తిరుగుతున్నావు! పుట్టే బిడ్డ మీసం వచ్చేదాకా ఆగుతుందా? మహారాజా, దారి ఎవరికి తెలుసో వాళ్ళను ఎక్కమనండి. కోపం మీరు ఒడ్డున కూర్చుని తీరిగ్గా పడండి!"

రాజు ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత వరదమ్మను చూశాడు. చేతులు జోడించాడు.

"ఎక్కు తల్లీ."

వరదమ్మ గోనెపట్టా విసిరేసింది. అందరూ చూస్తుండగా చుక్కాని పట్టింది. కొండన్న ముందు గడ పట్టాడు. సూరమ్మ నడుమ కూర్చుని కళ్ళు మూసుకుంది.

నల్లరాతికి ఎడమగా పోయారు. ఇసుకమేట కుడిగా దాటారు. నడి ఏట్లోకి వచ్చాక దారి రెండుగా చీలింది. ఒక పక్క నీళ్ళు హోరుమని అరుస్తూ, నురగలు కక్కుతున్నాయి. ఇంకో పక్క నీళ్ళు పట్టుబట్ట పరిచినట్టు నున్నగా, చప్పుడు లేకుండా ఉన్నాయి.

"ఆ నున్నటి పక్కకు పోనీవే!" అంది సూరమ్మ ఒక కన్ను తెరిచి.

వరదమ్మ చేతులు ఆగిపోయాయి. తండ్రి మాట చెవిలో మోగింది. 'ఈ పిచ్చివాడి పాట నమ్మకు తల్లీ.' ఎన్నడూ లేనిది, ఆమెకు పాట మీద అనుమానం వచ్చింది. "ఏమయ్యా! నాన్న పాట తప్పయితే?"

ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో కొండన్నకు తెలుసు. తాను మాట్లాడనిచోట పుట్టింది. గుండెల నిండా గాలి పీల్చి, ఏటి హోరును మించి పాట ఎత్తుకున్నాడు.

"నీళ్ళు మాటాడని చోట నిలవకు, నిలవకు, దాటిపో! పాట తప్పు కాదు వరదా! మీ నాన్నకు మతి పోలేదు! అరిచే నీళ్ళలోకే తిప్పు!"

అదే క్షణాన ఒక పెద్ద చెట్టు కొట్టుకొచ్చి నున్నటి నీళ్ళలోకి వెళ్ళింది. నిట్టనిలువుగా లేచింది. గుటుక్కున మాయమైంది. చప్పుడు కూడా రాలేదు.

సూరమ్మ తెరిచిన కన్ను గట్టిగా మూసేసింది.

వరదమ్మ చుక్కానిని అరిచే నీళ్ళ వైపు తిప్పింది. ఆమె కుడి అంటే అతను కుడికి తోశాడు, ఎడమ అంటే ఎడమకు తోశాడు. పడవ ఎగిరింది, కుంగింది, మళ్ళీ ఎగిరింది. ఇద్దరూ పాట ఆపలేదు. పాట పూర్తయ్యేసరికి పడవ ముక్కు అవతలి ఒడ్డుకు తగిలింది.

రాజు కూతురు క్షేమంగా ప్రసవించింది. ఆ సంగతి ఇవతలికి తెలిసేలా సూరమ్మ ఒడ్డుకు వచ్చి తెల్లగుడ్డ ఊపింది. వరద తీశాక ఆమె తిరిగి రాగానే రాజు ఎదురెళ్ళి అడిగాడు. "ఆడబిడ్డా, మగబిడ్డా?"

"గట్టిగా ఏడ్చే బిడ్డ," అంది సూరమ్మ. "అది చాలదా?"

రాజు నవ్వాడు. కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. ఆ రోజే రేవులో చాటింపు వేయించాడు. దారి తెలిసినవారిదే చుక్కాని. అది ఆడచెయ్యా, మగచెయ్యా అని అడిగినవాళ్ళు ఏరు ఈది దాటాలి. తర్వాత రాజు పైడయ్య దగ్గరికి వచ్చి, ఆయన ముందు తలవంచి, "పెద్దాయనా, నిజం చెప్పిన నిన్ను పక్కకు ఈడ్పించాను, మన్నించు," అన్నాడు.

"ఎప్పుడు ఈడ్పించావు నాయనా? నాకు గుర్తులేదే," అన్నాడు పైడయ్య. మరుపు వల్ల ఒక్కోసారి మంచి కూడా జరుగుతుంది.

"మరి ఈ కడియం ఎవరికి?" అని రాజు అడిగాడు. వరదమ్మ కొండన్నకు అంది, కొండన్న వరదమ్మకు అన్నాడు. చివరకు దాన్ని చుక్కాని కొయ్యకు తొడిగారు. చుక్కాని తిరిగినప్పుడల్లా అది ఘల్లుమనేది.

ఆ తర్వాత ఒకసారి సాంబయ్య బెల్లం బస్తాలతో వచ్చాడు. పడవ ఎక్కుతూ నోరు ఊరుకోక, "ఏమోయ్, పెళ్ళాం పడవ నడిపితే నువ్వు చేసేదేమిటి?" అన్నాడు.

"గడ వేస్తాను, నీళ్ళు తోడతాను, వంట చేస్తాను. మధ్యలో పాట పాడతాను," అన్నాడు కొండన్న. "నీ బెల్లం కరగకుండా చేరాలా, నా మగతనం కరగకుండా చేరాలా? ఏదో ఒకటి చెప్పు."

"బెల్లమే నాయనా, బెల్లమే!" అన్నాడు సాంబయ్య, బస్తాలను గట్టిగా పట్టుకుని.

వరదమ్మ నవ్వింది. తగ్గిన నవ్వంతా తిరిగి వచ్చింది. "మీసం తీసెయ్యనా?" అని కొండన్న అడిగితే, "ఉంచుకో, బాగుంది. నిమ్మకాయ మాత్రం నిలబెట్టకు," అంది.

ఒడ్డున పైడయ్య ఊరి పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ఏటిపాట నేర్పుతున్నాడు. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. ఇంతమంది నోళ్ళలో ఉన్న పాటను ఏ మరుపు దొంగా ఎత్తుకుపోలేడు. పడవ రేవుకు చేరడం చూసి ఆయన చెయ్యి ఊపాడు.

"అమ్మాయీ, భలే తిప్పావే! బసవన్నా, భలే తోశావురా!"

"ఆఁ, మామా!" అన్నాడు కొండన్న.

మీసం వయసొస్తే ఎవరికైనా మొలుస్తుంది. దారి తెలిసిన చేతికి చుక్కాని ఇచ్చి, ఆ మాట నలుగురిలో నోరారా చెప్పగలిగినవాడే మగవాడు.